వెచ్చని నీటిలో ఈకగాలం వేయు విధానము

మనిషి నీళ్ల దగ్గరికి వెళ్లడం ప్రమాదమనీ, ఏ శిక్షణా లేకుండా వెళ్లి సంతోషంగా తిరిగి రావడం అంతకంటే పెద్ద ప్రమాదమనీ లోకంలో మొట్టమొదట కనిపెట్టిన ఘనత వెచ్చని నీటి ఈకగాలపు శిక్షణ మండలిది. అంతకుముందు బస్సు డిపో వెనక చెరువులో జనం ఇష్టమొచ్చినట్టు గాలాలు వేసేవారు, చేపలూ ఇష్టమొచ్చినట్టు పడేవి. ఈ అరాచకాన్ని సహించలేక మండలి చెరువు చుట్టూ కంచె వేసి, గేటు పెట్టి, గేటుకు కాపలా పెట్టి, శిక్షణ పూర్తిచేసి పర్మిట్ తెచ్చుకున్నవాళ్లకే ప్రవేశమంది. (చేపలకు విడిగా నోటీసు పంపారో లేదో తెలియదు.)

ఈకగాలమంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. కొక్కేనికి ఈకా దారమూ చుట్టి, పురుగులా కనబడేలా చేసి, నీటి మీదికి విసరడమే. ఈ పనిలో మన దర్జీ చెయ్యి తిరిగినవాడు. నలభై ఏళ్లుగా పగలు మనుషులకు, సాయంత్రాలు కొక్కేలకు చొక్కాలు తొడుగుతున్నాడు. ఎండలకు నీళ్లు వెచ్చబడ్డాక, పొద్దు వాలే వేళ నాచు అంచున నీడలో ఈక పడితే, చేప పైకి లేచి లటుక్కున అందుకుంటుంది. ఆ ఒక్క క్షణం కోసం దర్జీ, వాళ్ల అన్నయ్య ప్రతి వేసవీ ఒడ్డున కూర్చునేవారు.

అన్నయ్య రిటైరైన బస్సు డ్రైవరు. ఇప్పుడాయన చూపు పోతోంది. ఈ వేసవి దాటితే వెలుగూ చీకటీ తప్ప మరేమీ తెలియదని కంటి డాక్టరు చెప్పేశాడు.

"ఒరేయ్, ఆ చేప పైకి లేవడం ఇంకొక్కసారి చూడాలిరా. ఆ తర్వాత ఏం కనబడకపోయినా ఏడవను," అన్నాడు అన్నయ్య.

"కంచె దూకేద్దామా అన్నయ్యా?"

"ముప్పయ్యేళ్లలో ఒక్క ఎర్రలైటు దాటలేదురా నేను. ఈ వయసులో దొంగచాటుగా చేపను చూడమంటావా? వెళ్లి పర్మిట్ తెచ్చుకో. పర్మిట్ ఉన్నవాడి వెంట ఒకరిని రానిస్తారట."

మర్నాడే దర్జీ మండలి కౌంటరు ముందు నిలబడ్డాడు. లోపలున్న గుమాస్తా ఆవిడ తలెత్తకుండానే అడిగింది.

"ముందు అనుభవం ఏమైనా ఉందా?"

"నలభై ఏళ్లు మేడం," అన్నాడు దర్జీ, కాస్త గర్వంగానే.

"అయ్యో!" ఆవిడ నిజంగానే జాలిపడింది. "ఏమీ రానివాళ్లకు నాలుగు వారాలే. మీకు ఆరు. వచ్చిందంతా ముందు మర్చిపోవాలి కదండీ."

మొదటి రెండు వారాలూ విస్మరణ తరగతులు. పదకొండు మంది అనుభవజ్ఞులు వరసగా బెంచీల మీద కూర్చుని, 'నాకేమీ రాదు' అని రోజుకో పేజీ రాసి దిద్దించుకున్నారు. (అందరికంటే త్వరగా ఏమీ రాకుండా పోయిన ఒకాయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు.)

తర్వాత పాఠ్యపుస్తకం ఇచ్చారు. అది మొదట చలి కొండల మీది వాగుల్లో వేట కోసం రాసింది. కొత్తది రాసే తీరిక లేక మండలి అందులో 'చల్లని' అన్న చోటల్లా 'వెచ్చని' అని మార్చేసింది. అందుచేత, వెచ్చని మంచు కరిగే వేళ వెచ్చని గాలికి ఎదురు నిలిచి, వెచ్చదనానికి వణకకుండా ఉన్ని కోటు తొడుక్కోవాలని మూడో పాఠంలో ఉంది. పుస్తకంలో ఉన్నది పాటించాల్సిందే. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఉన్ని కోట్లతో, కార్లు నిలిపే స్థలంలో అభ్యాసం మొదలైంది.

కార్ల స్థలం ఎందుకంటే, పర్మిట్ లేనివాళ్లు నీళ్ల దగ్గరికి పోకూడదు. చేపల బదులు రబ్బరు రింగులు పెట్టారు. శిక్షకుడు మర్యాదస్తుడే. అయితే ఆయన ధ్రువపత్రం పొడినేల వరకే చెల్లుతుంది కాబట్టి చెరువును ఎన్నడూ చూడలేదు.

"సార్, నాచు అంచున, నీడలో వేస్తే..." అనబోయాడు దర్జీ.

"మీరింకా పూర్తిగా మర్చిపోలేదండీ," అన్నాడు శిక్షకుడు బాధగా.

నాలుగో రోజు దర్జీ గాలం మండలి అధ్యక్షులవారి కారు వైపరుకు తగులుకుంది. రిజిస్టరులో 'మొదటి వేట, బరువు తెలియదు' అని నమోదు చేశారు.

ఇంట్లో అన్నయ్య పోసుకుంటున్న టీ కప్పు పక్కన పడుతోంది. మొన్నటిదాకా వీధి చివర ఉండగానే బస్సు నంబరు చదివినవాడు, ఇప్పుడు దగ్గరికొచ్చాక కూడా బస్సా లారీనా అని తమ్ముణ్ని అడుగుతున్నాడు.

ఆరో వారం పరీక్ష పెట్టారు. చేపలు ఎక్కడ ఉండును? దర్జీ 'నాచు పక్కన నీడలో' అని రాసి తప్పాడు. సరైన జవాబు 'మండలి పరిధిలో'. మళ్లీ పరీక్ష ఇరవయ్యొక్క రోజుల తర్వాత.

"మేడం, మా అన్నయ్య కళ్లు అన్నాళ్లు ఆగవండీ," అని కౌంటరు దగ్గర ప్రాధేయపడ్డాడు దర్జీ.

"కళ్లకు మినహాయింపు కావాలంటే వేరే దరఖాస్తు ఉందండీ. తొంభై రోజుల్లో తేల్చేస్తారు."

దర్జీకి ఒళ్లు మండిపోయింది. (అది ఉన్ని కోటు వల్లేనని శిక్షకుడు సర్దిచెప్పాడు.)

రెండోసారి అతను 'మండలి పరిధిలో' అని గుండ్రంగా రాసి గట్టెక్కాడు. ఫోనులో పర్మిట్ టింగుమని మోగిన సాయంత్రమే అన్నయ్య చెయ్యి పట్టుకుని చెరువుకు తీసుకెళ్లాడు. నీళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. అన్నయ్యకు మాత్రం మూడు రోజులుగా ఎదుటి మనిషి కూడా కనబడటం లేదు.

దర్జీ నాచు అంచున ఈక వేశాడు. నీళ్లు ఛళ్లుమన్నాయి.

"ఎటు పక్కరా?"

"ఎడమ పక్క అన్నయ్యా."

"ఎంత లేచింది?"

"మూరెడు," అన్నాడు దర్జీ. ఏడుపు వినబడకూడదని పళ్లు బిగపట్టుకున్నాడు.

అంతలో ట్యాబ్లెట్ పట్టుకుని తనిఖీ అధికారి వచ్చాడు. నీళ్లలో మొదటి వేటను చూసిన సాక్షి ఉండాలట, లేకపోతే పర్మిట్ రద్దయి మళ్లీ విస్మరణ తరగతుల నుంచి మొదలట.

"చేప లేవడం కళ్లారా చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నాను కదా బాబూ," అన్నాడు అన్నయ్య, అధికారి లేని వైపుకి తిరిగి. "కళ్లారా చూశాను. రాసుకో."

అధికారి తెర మీద ఉన్న గడి చూసుకుంటున్నాడు, మనిషిని చూడలేదు. దర్జీ అన్నయ్య వేలు పట్టుకుని ఆ గడిలో సంతకం పెట్టించాడు. ఎర్రలైటు దాటని మనిషి తన కోసం దాటాడని అతనికి తెలుసు.

ఆ ఏటి మండలి వార్షిక నివేదిక మొదటి పేజీలోనే, అధ్యక్షులవారి ఫొటో కింద, పెద్ద అక్షరాల్లో అచ్చయింది: 'మా శిక్షణ ఫలితంగా ఈ వేసవిలో చేప పైకి లేవడాన్ని కళ్లారా చూసిన పౌరులు: ఒకరు.'