బోరు కాడి దెబ్బలు

ఆ రోజు పొద్దున ఈదమ్మ అనుకున్న పని పెద్దదేమీ కాదు. మొగుడికి రొట్టెలు కట్టిచ్చి బోరు దగ్గరికి పంపాలి, తను బర్రెకు గడ్డి కోసుకురావాలి. వేరుశనగ ఊడలు దిగుతోంది. ఇంకో రెండు తడులు సరిగ్గా పడితే పంట గట్టెక్కుతుంది, లేకపోతే ఏడాది కష్టం మన్నులో కలుస్తుంది.

రొట్టెల మూట అందుకుంటున్న కురుమూర్తి మోచేయి తోలు లేచి ఉంది.

"ఏమైంది?"

"జారిపడ్డ."

"ఏడ?"

"గట్టు మీద."

మొన్న మోకాలు, నిన్న నడుము, ఈవేళ మోచేయి. నలభై ఏళ్లుగా నడుస్తున్న గట్టు మీద మనిషి వారంలో మూడుసార్లు జారిపడ్డాడంటే ఎవరైనా నమ్ముతారేమో గాని ఈదమ్మ నమ్మదు. అసలు ఆమె దేన్నీ ఊరికే నమ్మదు. బస్సెక్కితే బోర్డు చదివించుకుని, డ్రైవర్ని అడిగి, పక్కనున్న ఇద్దరిని అడిగి గాని కూర్చోదు. పైగా ఇంట్లో ముక్కాలిపీట మాయమైంది, నిచ్చెన మాయమైంది. అడిగితే బోరు దగ్గర పనికొస్తాయన్నాడు. బోరు దగ్గర ముక్కాలిపీటతో ఏం పని?

ఆ బోరు వాళ్లొక్కరిదీ కాదు. కురుమూర్తికి వరసకు తమ్ముడైన భీమన్నతో పొత్తు. రెండు రోజులు వీళ్ల వంతు, రెండు రోజులు వాళ్ల వంతు. ఈ మధ్య మాత్రం వంతు ఎవరిదైనా ఇద్దరూ పోతున్నారు. అది ఇంకో అనుమానం.

గడ్డికి పోతుంటే భీమన్న ఎదురయ్యాడు. ఒక కన్ను ఉబ్బి మూసుకుపోయింది.

"కన్నుకేమైంది మరిదీ?"

"గట్టు మీద జారిపడ్డ వదినా."

ఈదమ్మ అక్కడే ఆగి లెక్క కట్టింది. ఒకే బోరు, ఇద్దరు పొత్తుదారులు, ఇద్దరికీ దెబ్బలు. ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా దీనికి ఒకటే అర్థం చెబుతారు. నీళ్ల కాడ కొట్టుకుంటున్నారు.

గడ్డి సంగతి మరిచి నేరుగా భీమన్న పెళ్లాం జోగులమ్మ దగ్గరికి పోయింది. ఇద్దరూ కలిసి మొగవాళ్లకు బుద్ధి చెబుదామని ఆమె ఉద్దేశం.

"మనోళ్లు నీళ్లకు కొట్టుకుంటుండ్రు జోగులమ్మా. ఇట్లయితే ఇద్దరి పంటా పోతది."

"కొట్టుకునుడేంది అక్కా? కన్ను మూసుకపోయింది మా ఆయనకు. కొట్టింది మీ ఆయన."

"మా ఆయన నడుము సూసినవా? లేవనీకె రాకుండున్నడు."

"అయితే మా ఆయన వంతుల మీ ఆయన బోరు కాడికి ఎందుకు వస్తుండు?"

ఈదమ్మ గొంతు పెంచింది, జోగులమ్మా పెంచింది. మధ్యాహ్నం కరెంటు పోయాక ఆమె బోరు దగ్గరికి పోయి స్టార్టరు డబ్బాలోని మూడు ఫ్యూజులూ పీకి కొంగున కట్టుకుంది. అది తెలిసి జోగులమ్మ, నీళ్లను ఏ చేనుకు కావాలంటే ఆ చేనుకు మళ్లించే గేటువాల్వు చక్రం విప్పి బియ్యం డబ్బాలో దాచింది. ఇక ఎవరూ ఎవరి నీళ్లూ దొంగిలించలేరు. పెట్టుకోనూ లేరు.

రెండు రోజులకు వేరుశనగ ఆకు ముడుచుకుంది. విచిత్రమేమంటే కురుమూర్తి, భీమన్న ఇద్దరూ కలిసి వచ్చి ఫ్యూజులిమ్మని బతిమాలారు.

"పంచాయితీ ఏం లేదు వదినా. జర ఇయ్యి."

"కొట్టుకున్నోళ్లు ఒక్క బండి మీద వచ్చిండ్రంటే ఇంకేందో ఉంది," అంది ఈదమ్మ, కొంగు ముడి ఇంకా బిగిస్తూ.

మూడో రోజు పొద్దున ఈ తగువు తీర్చడానికి ఊరి పెద్ద సాయన్న మరో ఇద్దరు పెద్దమనుషులతో బోరు దగ్గరికి వచ్చాడు. పొత్తు విడగొట్టి ఎవరి పైపు వాళ్లకు చేయడమే దారి అన్నాడు. అంత పైపు ఎవరు తెస్తారు? అది వచ్చేలోగా చేను నిలువునా ఎండుతుంది. కురుమూర్తి ముందుకు వచ్చాడు.

"మేం కొట్టుకోలేదు కాకా," అన్నాడు తలొంచుకుని. "సినిమా సూస్తున్నం."

స్టార్టరు కొట్టం తలుపు తీశాడు. లోపల భీమన్న ఇంటి టీవీ ఉంది. దాన్ని వనపర్తిలో రిపేరుకిచ్చానని భీమన్న నెల నుంచీ చెబుతున్నాడు. పక్కన సీడీ పెట్టె, కాలు విరిగిన ముక్కాలిపీట, రెండు మెట్లు ఊడిన నిచ్చెన.

"చీనా ఫైటింగు సినిమా," అన్నాడు భీమన్న. "ఊళ్లె పగలు కరెంటు ఉండదు, బోరుకు ఉంటది. అది సూసినంక కాళ్లు చేతులు ఊకోవు. మేం గూడ జర చేసి సూస్తం."

"మాట ఏమన్న తెలుస్తదా?" అన్నాడు సాయన్న.

"ఒక్క ముక్క తెల్వదు. తెల్సుడు అవసరం లేదు. మన సినిమాల హీరో కొడ్తే అవతలోడు గాల్ల లేస్తడు. వీడు కొడ్తే వీని చెయ్యే నొస్తది. మన లెక్క," అన్నాడు కురుమూర్తి.

సినిమా చూసి ఎవరైనా నడుములు విరగ్గొట్టుకుంటారా? ఈదమ్మ నమ్మలేదు. సాయన్న సాక్ష్యం చూపించమన్నాడు. సాక్ష్యానికి కరెంటు కావాలి, కరెంటుకు ఫ్యూజులు కావాలి. ఆమె ఇచ్చింది గాని, ఫ్యూజులు పెట్టగానే ఆటో స్టార్టరుతో మోటరు దానంతటదే నడిచేసరికి ఇదంతా నీళ్ల కోసం వేసిన ఎత్తేమోనని జోగులమ్మ చేత చక్రం తెప్పించి వాల్వును రెండు చేన్లకూ సగం సగం తిప్పించింది. అప్పుడు వచ్చి గడపలో కూర్చుంది.

తెర మీద బక్కపలచని మనిషొకడు ఎనిమిది మందికి దొరక్కుండా నిచ్చెనలో దూరి పరుగెడుతున్నాడు. చివరికి కొండలాంటి వాడిని ఒక్కటి గుద్దాడు. గుద్ది, ధీమాగా నిలబడి, చెయ్యి వీపు వెనక దాచుకుని నొప్పికి విదిలించుకున్నాడు. ముఖంలో మాత్రం నొప్పి లేదు.

ఈదమ్మకు ముందు ముక్కులోంచి నవ్వు వచ్చింది. తర్వాత ఆగలేదు. పక్కనే ఉన్న జోగులమ్మ భుజం మీద వాలిపోయి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. పంట పోతుందని, రెండు ఇళ్లు పగవుతాయని మూడు రోజులుగా గుండెలో పెట్టుకున్న భయమంతా ఆ నవ్వుతో దిగిపోయింది. కాలువల్లో నీళ్లు పారుతున్న చప్పుడు ఆమెకు హాయిగా వినిపించింది.

సినిమా అయ్యేసరికి రెండు చేన్లూ తడిశాయి. ఈదమ్మ లేచి కొంగు సర్దుకుంది.

"పొత్తు విడగొట్టుడు అవసరం లేదు గద మామా? తీర్పు చెప్పు."

సాయన్న గడ్డం నిమురుకుంటూ ఆగిపోయిన తెరకేసి చూశాడు. "అట్ల తొందరపడొద్దు కోడలా. నాకు ఇంకా జర అనుమానం ఉంది. సాక్ష్యం మళ్లొకసారి సూడాలె. రేపు గీ యాళ్లకే మోటరు పెట్టుండ్రి."

మరునాడు పదకొండు మంది పెద్దమనుషులు వచ్చారు.

ఆ ఏడు వేరుశనగ విరగ్గాసింది. తీర్పు మాత్రం ఇంకా రాలేదు.