బొటనవేలి కావలి

ఆ రోజు రామచంద్రయ్య పెట్టుకున్న పని ఒక్కటే. పొద్దున్నే శంషాబాదు పోయి, మిషను మీద బొటనవేలు పెట్టి రావడం. ఎయిర్‌పోర్టు రోడ్డు పొడవునా చెట్లు కత్తిరించే పని కొత్త కాంట్రాక్టరుకు వచ్చింది. పాతవాళ్ళలో ఎవరి వేలిముద్ర కలిస్తే వాళ్ళకే పని. అదీ పన్నెండు లోపల.

మొన్న అదే రోడ్డు మీద కాగితంపూల పొద కత్తిరిస్తుంటే దిగిన ముల్లు మాత్రం తెల్లారేసరికి ఆ వేలిని వంకాయను చేసింది. భార్య ఈరమ్మ దాని మీద పసుపూ సున్నమూ దట్టంగా పట్టించింది.

శంషాబాదులో ఆ వేలు పెట్టగానే మిషను ఎర్రలైటు వేసింది. కుళాయి కింద గీకి కడిగితే వేలు ఇంకా ఉబ్బింది. మళ్ళీ ఎర్రలైటు. ఎడమది పెట్టి చూశాడు. మిషను కీచుమంది.

సూపర్‌వైజర్ మొయిజ్ ఉరికి వచ్చాడు. "ఏంది కాకా, మూడుసార్లు తప్పు! నువ్వు రామచంద్రయ్యవేనా, ఆయన తమ్మునివా? పోయిన నెల ఒకడు గిట్లనే అన్న పేరు మీద వచ్చిండు."

"నాకు తమ్ముడే లేడు సాబ్."

"ఆధార్ ఏది?"

ఇంటికి ఫోను చేశాడు. ఈరమ్మ పాల్మాకుల నుంచి ఆటో ఎక్కి కార్డు తెచ్చింది. ఫోటోలో గుబురు మీసాలు, నిండు జుట్టు. ఇక్కడ పోయిన వారం యాదగిరిగుట్టలో అన్నీ ఇచ్చి వచ్చిన నున్నటి గుండు. గేటు దగ్గరి కావలి మనిషి కార్డు చూశాడు, గుండు చూశాడు. "ఈయన కాదు" అన్నాడు.

"అక్కా, ఈయన నీ మొగడేనా?" అన్నాడు మొయిజ్.

"పొద్దున దాంక ఈయనే. మీరు గిట్ల అడుగుతుంటె నాకే అనుమానమొస్తుంది."

"ఇగ దవాఖానకు పోండి. డాక్టరమ్మ చీటీ తెస్తే చూస్త. పన్నెండు దాటితె నా చేతుల లేదు."

దవాఖానలో డాక్టర్ మెహ్రీన్ వేలికి చిన్న గాటు పెట్టి నొక్కింది. చీము వచ్చింది, వెనకే ముల్లుమొన.

"ఈ పాడు చీము మూలాన్నే నా నౌకరి పోతుంది అమ్మా."

"పాడు అనకు తాతా. జర ఇటు చూడు."

గాజుపలక మీద చుక్క వేసి, నీలిరంగు అద్ది చూపించింది. సూక్ష్మదర్శినిలో గుంపులు గుంపులుగా చుక్కలు.

"ఇవి నీ తెల్ల కణాలు. ముల్లుతోని క్రిములు లోపలికొస్తె ఇవి నెత్తుట్లకెంచి ఉరికొచ్చినయ్. క్రిముల్ని మింగి ఇక్కడనే సచ్చినయ్. ఆ వాపు, ఆ వేడి ఈ కొట్లాటదే."

"ఎవరు పిలిచిన్రు?"

"దెబ్బ తగిలిన చోటే కబురు పెడ్తది. ఆ క్రిమి కొత్తదా పాతదా అని ఇవి అడగవు. పుట్టుకతోని వచ్చిన కావలి."

"నేను పండుకున్నప్పుడు సుత?"

"అప్పుడు సుత."

రామచంద్రయ్య చాలాసేపు కన్ను తియ్యలేదు. అరవై ఏళ్ళు ఇంత దండును మోసుకు తిరిగి, ఒక్కనాడూ మంచీ చెడూ అడగలేదు. లేచి తన బొటనవేలికే దండం పెట్టాడు. ఎందుకైనా మంచిదని ఈరమ్మా పెట్టింది.

మళ్ళీ మిషను దగ్గరికి వచ్చేసరికి పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. మొయిజ్ చీటీ చదవనే లేదు. డాక్టరమ్మ దానికి అంటించిన ముల్లుమొననే చూశాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి దాకా పాత గీరలు.

"నేను సుత పదేండ్లు కత్తిరించిన కాకా. ఇది మన రోడ్డు ముల్లే. దొంగ మనిషైతె గిది యాడికెంచి తెస్తడు?" అని రామచంద్రయ్య పేరు పనివాళ్ళ జాబితాలో తన చేత్తోనే రాసుకున్నాడు.

బొటనవేలి లోపలి కావలివాళ్ళు మాత్రం ఆ రోజు కూడా ఏ మిషను మీదా వేలు పెట్టకుండానే పనిలోకి దిగారు.