తీపికి వేసిన తాళం

ఆ రోజు పొద్దున్న తాళాల మేస్త్రి అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ ఆనాటి కార్యక్రమం మొత్తం భార్యకు అప్పజెప్పాడు. పన్నెండింటికి ఇనప్పెట్టెల కంపెనీ నుంచి ఇంజనీరు వస్తాడు. పన్నెండున్నరకి భోజనం. ఒంటిగంటకి పెట్టెకు తాళం. రెండింటికి ఆ తాళం తనంతట తానే తెరుచుకుంటుంది. మూడింటికి ఇంజనీరు కారెక్కి వెళ్ళి, ఐదింటికి తన కంపెనీ పెద్దలతో "ఇకమీదట మన పెట్టెలన్నిటికీ ఈ మేస్త్రి తాళమే" అని చెబుతాడు.

"ఆ మాట ఆయన చెప్పాలి కదండీ, మీరే చెప్పేస్తే ఎలా?" అంది భార్య అతని కాలరు సరిచేస్తూ.

"ఆయన నోట రావలసింది నా నోట ముందొచ్చింది. అంతే తేడా."

అలా అనడానికి అతనికి హక్కుంది. ముందుగది కొట్టు, వెనక గదులు ఇల్లుగా ముప్పై ఏళ్ళుగా తాళాలతోనే కాపురం చేస్తున్నాడు. ఊళ్ళో తాళం చెవి పోగొట్టుకున్న ప్రతివాడూ ముందు ఆ గుమ్మమే ఎక్కుతాడు. అతను తెరవలేని తాళం లేదు. చిక్కల్లా అక్కడే వచ్చింది.

భోజనం చేసి చెయ్యి కడుక్కోగానే మేస్త్రి నాలుక తీపి కోసం పీకేది. ఒక్క చాక్లెట్టుతో మొదలైన వ్యవహారం డబ్బా అడుగు కనబడేదాకా ఆగేది కాదు. డాక్టరు అతని రక్తపరీక్ష కాగితం చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పూర్తిగా మానేయమనడం లేదండీ. అన్నం తినగానే వచ్చే ఆ కోరికని ఓ అరగంట వాయిదా వెయ్యండి చాలు. దానంతటదే చల్లబడుతుంది" అన్నాడు. భార్య ఆ పూటే డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది. మేస్త్రి చేతి తడి ఆరేలోపు దాన్ని తెరిచాడు. మర్నాడు రెండు తాళాలు వేసింది. వాటికి రెండు నిమిషాలు పట్టింది. తన నిగ్రహానికీ తన పనితనానికీ పోటీ పెడితే ప్రతిసారీ పనితనమే గెలుస్తోందని అతనికి అర్థమైంది. అందుకు కొంచెం సిగ్గుపడ్డాడు, చాలా గర్వపడ్డాడు.

అప్పుడు పట్టుదల వచ్చింది. తానే తెరవలేని తాళం ఒకటి తయారుచేస్తానని నెలరోజులు కూర్చున్నాడు. పాతసామాన్ల కొట్టులో చిన్న ఇనప్పెట్టె ఒకటి కొని, దాని మూతకు లోపలివైపు ఎనిమిది రోజులు నడిచే పాత గడియారపు యంత్రాన్ని బిగించాడు. దానికి రెండు ముళ్ళు. ఒకటి ఎన్ని గంటలో చెబుతుంది, రెండోది ఎన్ని రోజులో చెబుతుంది. ముల్లు తిప్పి మూత వేశామా, చెప్పిన వేళ అయ్యేదాకా ఆ తాళం ఎవరి మాటా వినదు. దానికి చెవి లేదు, చెవి పెట్టే కంత కూడా లేదు.

ఇది మొదలై ఇరవై ఒక్క రోజులైంది. రోజూ భోజనం కాగానే నిండుగా ఉన్న చాక్లెట్ల డబ్బాను పెట్టెలో పెట్టి, ముల్లు మూడు గంటల గడువుకి తిప్పి తాళం వేసేవాడు. నాలుగింటికి అది టక్కుమని తెరుచుకునేది. అప్పటికి నాలుక చల్లబడి ఉండేది. డబ్బా తీసి, చెవి దగ్గర పెట్టుకుని గలగలా ఊపి, మూతైనా తియ్యకుండా మళ్ళీ లోపల పెట్టేసేవాడు. ఆ గలగల వింటే అతని ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

"ఇరవై ఒక్క రోజులు! ఒక్కటంటే ఒక్కటి ముట్టుకోలేదు!" అని కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

కిటికీ పక్క కుర్చీలో కూర్చుని స్వెట్టర్లు అల్లుకునే అత్తగారు కూడా, "మా అల్లుడి నిగ్రహం ఎవరికొస్తుంది నాయనా!" అని వంతపాడి, మళ్ళీ తల దించుకుని అల్లుకునేది. డెబ్బై రెండేళ్ళ ఆవిడ నోట మాటకన్నా చేతిలో సూదే ఎక్కువ ఆడుతుంది.

ఇంజనీరు చెప్పిన వేళకే వచ్చాడు. ఇరుకు వీధిలో కారు పెట్టడానికి చోటు లేక, ఉన్న దారికి అడ్డంగానే పెట్టి, "గంటా రెండు గంటలేగా" అన్నాడు. కడుపునిండా భోజనం చేశాడు. చెయ్యి తుడుచుకుంటూ అటూ ఇటూ చూసి, "కాస్త తీపి ఏమైనా ఉందాండీ? నాకు అన్నం తిన్నాక నోట్లో అదోలా ఉంటుంది" అన్నాడు.

మేస్త్రికి తోబుట్టువు దొరికినట్టయింది. తన కథంతా చెప్పి, పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, డబ్బా ఊపి వినిపించి, "ఓ గంట ఆగండి, మీకూ చల్లబడుతుంది" అన్నాడు. ఇంజనీరు ముందుకు వంగి తాళాన్ని భూతద్దంతో చూశాడు, గొళ్ళేన్ని వేలితో నొక్కాడు, చెవి పెట్టి విన్నాడు.

"మాటలతో నమ్మను మేస్త్రిగారూ. అది లేకపోతే నాకు క్షణం గడవదు అనే వస్తువు లోపల పెడతాను. చెప్పిన టైముకి తెరుచుకుంటే, సాయంత్రం మీటింగులో మీ తాళం ఖాయం." అంటూ కారు తాళం చెవీ, సెల్‌ఫోనూ డబ్బా పక్కన పెట్టాడు.

మేస్త్రి ఇంజనీరు కళ్ళముందే గంటల ముల్లును ఒకటి దగ్గరకు తిప్పి మూత వేశాడు. సరిగ్గా ఒంటిగంట. రోజుల ముల్లు వైపు అతను చూడలేదు. ఇరవై ఒక్క రోజుల్లో ఏనాడూ దాన్ని కదిపింది లేదు కనుక, అది సున్నా మీదే ఉంటుందని అతని నమ్మకం.

రెండయింది. టక్కుమనలేదు.

"మీ వాచీ ఓ రెండు నిమిషాలు ముందున్నట్టుంది" అన్నాడు మేస్త్రి.

రెండుంబావు అయింది. అప్పటికి ముందున్న వాచీలన్నీ అయిపోయాయి. మేస్త్రి పెట్టెకు చెవి ఆనించాడు. లోపల యంత్రం టిక్కుటిక్కుమంటూ హాయిగా నడుస్తోంది. అంతలో వంటింటి తలుపు వెనక నుంచి భార్య చెయ్యి ఒకటి కనబడి రమ్మని పిలిచింది.

"ఏవండీ, కోప్పడనంటే చెబుతాను. ఆర్డరు ఖాయమైతే ఆ సంబరంలో మీరు డబ్బా ఖాళీ చేసేస్తారేమోనని భయమేసింది. పొద్దున్న మీరు స్నానానికి వెళ్ళినప్పుడు ఆ రెండో ముల్లు తిప్పాను. రెండింటికి తెరిచి చూపించాలని తర్వాత కదా చెప్పారు, అప్పటికి తిప్పిన సంగతే మరిచిపోయాను."

"ఎంతకి?"

"ఏడుకి."

"ఏడు గంటలకా?"

"గంటలది కాదు కదండీ ఆ ముల్లు."

మేస్త్రి అక్కడే పీట మీద కూలబడ్డాడు. మళ్ళీ లేచి కొట్టులోకి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. ఇంజనీరు ముందు నవ్వాడు. సరదాకి అంటున్నాడనుకున్నాడు. అవతలి ముఖం చూశాక నవ్వు ఆగింది.

"తెరిచెయ్యండి మరి. మీరు తెరవలేని తాళం లేదన్నారుగా?"

"నేను తెరవగలిగితే ఆ తాళం దేనికండీ?"

ఇంజనీరు మూతను రెండు చేతులా పట్టి లాగాడు. అది కదల్లేదు. అప్పుడే పెట్టె మోగింది. కంపెనీ డైరెక్టరు పిలుస్తున్నాడు. మేస్త్రి తన ఫోను ఇచ్చి మీరే మాట్లాడండి అన్నాడు గానీ, డైరెక్టరు నంబరు పెట్టెలో ఉన్న ఫోనుకు తెలుసు తప్ప ఇంజనీరుకు తెలియదు. పెట్టె మోగి మోగి ఊరుకుంది, రెండు నిమిషాలాగి మళ్ళీ మోగింది.

బయట ఇంకో మోత మొదలైంది. అడ్డంగా ఉన్న కారు వెనక మొదట బల్లలూ కుర్చీలూ వేసుకున్న వ్యాను ఒకటి ఆగింది, దాని వెనక బడి బస్సు, దాని వెనక ఇద్దరు డ్రైవర్ల తగువు. ఎవరో తొంగి చూసి, మేస్త్రి తన తాళం తానే తెరవలేక చెమటలు కక్కుతున్నాడని వీధంతా చెప్పాడు. ఆ వార్త ఎదురు కొట్టు సన్నతీగకు చేరింది. అతనూ తాళాల మేస్త్రే, ఎంతటి తాళాన్నైనా ఒక్క తీగముక్కతో తెరుస్తానంటాడు కనుక ఆ పేరు. ఇరవై ఏళ్ళుగా ఈ పూట కోసమే ఎదురుచూస్తున్నవాడిలా వచ్చాడు.

"తప్పుకో అన్నా. చిన్నవాణ్ణి, ఓ చెయ్యి వేస్తాను."

నలభై నిమిషాలు చెయ్యి వేశాడు. తీగలు నాలుగు విరిగాయి. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. చివరికి పెట్టె ముందు చతికిలబడి, "దీన్ని మనిషి తెరవలేడు అన్నా" అన్నాడు.

మేస్త్రి ముఖం వెలిగిపోయింది. ఇరవై ఏళ్ళ పోటీదారు నోట ఆ మాట వినాలని ఎన్ని రాత్రులు కలలు కన్నాడో! మీసం మీదకు చెయ్యి వెళ్ళింది కూడా. అంతలో ఇంజనీరు చూపు తగిలి ఆ చెయ్యితోనే ముక్కు గోక్కున్నాడు.

"మేస్త్రిగారూ, ఇది తెరుచుకోకపోతే నా ఉద్యోగం పోతుంది. తెరుచుకుంటే మీ ఆర్డరు పోతుంది. ఏదో ఒకటి తేల్చండి" అన్నాడు ఇంజనీరు. గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ.

ఈ లోపల ఎవరో పుణ్యాత్ముడు ఇంట్లో మనిషి ఇరుక్కున్నాడనుకుని ఫైరింజనుకు ఫోను చేశాడు. ఫైరింజను వచ్చింది. వచ్చి బడి బస్సు వెనక ఆగింది. ముందుకు రావాలంటే కారు జరగాలి. కారు జరగాలంటే పెట్టె తెరవాలి. పెట్టె తెరవాలంటే వాళ్ళు ముందుకు రావాలి. చివరికి ఇనుము కోసే యంత్రాన్ని ఇద్దరు భుజాన వేసుకుని నడిచే వచ్చారు.

"ఎక్కడ కొయ్యమంటారు?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

మేస్త్రి తాళం మీద అరచెయ్యి పెట్టాడు. కింద టిక్కుటిక్కుమంటూ తగులుతోంది. నెలరోజులు కళ్ళు పొడుచుకుని కూర్చుని చేసిన తాళం, ఇంతమందిలో ఎవరికీ లొంగని తాళం. ఇలాంటిది మళ్ళీ తన చేత అవుతుందో లేదో. అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

"తాళం మీదే కొయ్యండి. దీని గొప్ప కోసం ఆయన ఉద్యోగం పోగొట్టలేను" అని చెయ్యి తీసేశాడు.

"ఆగండి."

అందరూ వెనక్కి తిరిగారు. కిటికీ పక్క కుర్చీలోంచి అత్తగారు లేచి నిలబడింది. పొద్దున్నుంచి ఆవిడ ఒక్క మాటా అనలేదు. అల్లిక కూడా ముందుకు సాగలేదు.

"అందరూ బయటికి నడవండి. అల్లుడుగారూ, మీరు కూడా."

"అత్తయ్యగారూ, ఇది స్వెట్టరు కాదండీ..."

"నడవండి బాబూ."

తలుపు మూసుకుంది. లోపల రెండుసార్లు టంగు టంగుమంది. వీధిలో హారన్లు కూడా ఆగాయి. నాలుగు నిమిషాలకు తలుపు తీసి, ఆవిడ కారు తాళం చెవీ, ఫోనూ ఇంజనీరు చేతిలో పెట్టింది.

మేస్త్రి ముఖం తెల్లగా పాలిపోయింది. "నా తాళం... తెరిచేశారా?"

"మీ తాళాన్ని తెరవడం నా తరమా? దాన్ని నేను ముట్టుకోనైనా లేదు. వెనక చూసుకోండి."

చూశారు. మూత ముందువైపు తాళం గొళ్ళెం బిగిసినట్టే ఉంది, టిక్కుటిక్కుమంటూనే ఉంది. వెనకవైపు మూత కీళ్ళ చీలలు రెండూ ఊడి, అల్లిక సూది పక్కనే బల్ల మీద ఉన్నాయి. మేస్త్రి చూశాడు, ఇంజనీరు చూశాడు, సన్నతీగ చూశాడు. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాళాల వాళ్ళు ముగ్గురికి ముగ్గురూ ఇంతసేపూ పెట్టె ముందువైపే చూస్తూ కూర్చున్నారు.

"అమ్మా, ఇంత తొందరగా ఎలా తెలిసిందే నీకు?" అంది కూతురు.

అత్తగారు సూదిని కొంగుతో తుడుచుకుంది. "తొందరేముంది? ఇరవై ఒక్క రోజుల అలవాటు. అన్నం తిన్నాక నాకు మాత్రం నాలుక పీకదా? డాక్టరు వాయిదా వెయ్యమన్నది అల్లుడిగార్ని. నన్ను కాదు. వాయిదాలు వేసే వయసా నాది?"

మేస్త్రి మెల్లగా డబ్బా తీసుకున్నాడు. ఊపితే రోజూలాగే గలగలమంది. ఇరవై ఒక్క రోజుల తర్వాత మొదటిసారి దాని మూత తీశాడు. లోపల రంగురంగుల స్వెట్టరు గుండీలు ఉన్నాయి.

"ఆ చప్పుడు విని మీరు అంత మురిసిపోతుంటే, ఖాళీ డబ్బా పెట్టడానికి మనసొప్పలేదు అల్లుడుగారూ" అంది అత్తగారు.

మేస్త్రి ఓ గుండీ తీసి వెలుగులో తిప్పి చూశాడు. తర్వాత నిటారుగా నిలబడ్డాడు. "అయితే మాత్రమేం? అవి చాక్లెట్లనుకునే కదా నేను ముట్టుకోనిది!" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు.

ఇంజనీరు ఐదింటి మీటింగుకు ఐదుంబావుకు చేరాడు. ఆలస్యానికి కారణం అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాడట. మూడో రోజు ఉత్తరం వచ్చింది. తాళం ఖాయమైంది. కిందనే ఇంకో వాక్యం ఉంది: కీళ్ళు కంపెనీవే బిగిస్తాము, బిగించాక పరీక్షించడానికి మీ అత్తగారిని తప్పక పంపవలెను. మేస్త్రి ఆ ఉత్తరాన్ని అద్దం కట్టించి కొట్టులో తగిలించాడు. వచ్చిన ప్రతివాడికీ మొదటి వాక్యం తను చదివి వినిపిస్తే, రెండో వాక్యం అత్తగారు కుర్చీలోంచే చూడకుండా అప్పజెప్పేది.

పెట్టెకు చీలలు మళ్ళీ బిగించి, డబ్బాతో సహా దాని చోట దాన్ని పెట్టేశారు. ఏడో రోజు మధ్యాహ్నం సరిగ్గా రెండింటికి ఆ తాళం టక్కుమని తనంతట తానే తెరుచుకుంది; లోపల గుండీలు భద్రంగా ఉన్నాయి.