ఏడో మంచం దగ్గర పాఠం

ఆ ఉదయం దర్జీ ఆవిడ అనుకున్నది చాలా సులువైన పని. పదింటికి డిశ్చార్జి కాగితం, పన్నెండింటికి బస్సు, ఒంటిగంటకల్లా మొగుణ్ణి సొంత మంచం మీద పడుకోబెట్టడం. వడ్రంగి పని చేసే ఆయనకు గుండె కవాటం కాస్త బిగుసుకుందనీ, మాత్రలు వేసుకుంటూ ఇంటి దగ్గరుంటే చాలనీ ఆసుపత్రివాళ్లు చెప్పి అప్పటికి మూడు రోజులైంది.

"ఈ ఒక్క క్లాసు అవనీ అమ్మా. ఇలాంటి గుండె చప్పుడు మళ్లీ దొరకదు," అన్నాడు పెద్ద డాక్టరు, నిన్నా మొన్నా అన్నట్టే.

నలభై మంది విద్యార్థులు మంచం చుట్టూ మూగారు. పెద్ద డాక్టరు ముందు వరసకు మాత్రమే వినపడేలా ఏదో గొణిగి టీకి వెళ్లిపోయాడు. ఇక ఒక్కొక్కరే చల్లటి స్టెతస్కోపు ఆనించడం, పెదవి విరవడం. పదిహేనోవాడు పొట్ట మీద ఆనించేసరికి ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"గుండె అక్కడుందా నాయనా? ఆయన ఆకలి వింటున్నావా? ఎడమ పక్కకి తిరగమను. ఊపిరి వదిలి బిగబట్టమను. ఆ, రొమ్ము కింద! పెద్ద బిళ్ల కాదు, చిన్న వైపు పెట్టు. చెక్క వంతెన మీద బండి పోతున్నట్టు లేదూ?"

"ఉందండీ! వినపడింది!"

"వినపడితే లే మరి! తర్వాతెవరు?"

పదకొండు రోజులుగా మంచం పక్క స్టూలు మీద కూర్చుని విన్న పాఠమే అది. అరగంటలో నలభై మందినీ తేల్చేసింది. చదువు చెప్పాలన్న ముచ్చటేం కాదు, బస్సు పోతుందన్న కసి.

బోధన ఎలా ఉందో విద్యార్థుల అభిప్రాయాలు రాయించమని మెడికల్ కాలేజీ కొత్త ప్రిన్సిపాలమ్మ ఆ రోజే కాగితాలు పంచింది. పదకొండున్నరకు వాళ్లు నింపిన కాగితాల కట్ట పట్టుకుని తనే వార్డుకొచ్చింది, వెనకాలే పెద్ద డాక్టరు.

"బాగా చెప్పినది ఏడో మంచం మేడమట. పద్ధతి అన్నచోట 'తిట్టి' అని రాశారు. ఎవరా మేడం? ఎక్కడ చదివారు?" అని అడిగింది ప్రిన్సిపాలమ్మ.

"ఈ స్టూలు మీద," అంది దర్జీ ఆవిడ.

"నా క్లాసులో వేలు పెట్టడానికి నువ్వెవరు?" పెద్ద డాక్టరు గొంతు చించుకున్నాడు.

"మీరు చెప్పుంటే నాకేం కర్మ? మా ఆయనకి ఛాతీ కందిపోయింది!"

ప్రిన్సిపాలమ్మ మొహం వెలిగిపోయింది. "మిగతా బ్యాచిలకీ ఈవిడే చెప్తారు. రోగిని ఇంకో రెండు వారాలుంచండి."

దర్జీ ఆవిడ అప్పటికే సర్దిపెట్టిన బట్టల సంచిని ఒళ్లోకి లాక్కుంది. తన నోరే మొగుణ్ణి మంచానికి కట్టేసింది.

"వీల్లేదు!" పెద్ద డాక్టరు కేసు షీటు లాక్కున్నాడు. "ఈయన మూడు రోజుల క్రితమే ఇంటికెళ్లాల్సిన మనిషి. ఇంకో గంట ఉంచినా అన్యాయం!" నిలబడే సంతకం గీకి, వడ్రంగి కళ్లలోకి చూసి, "వెళ్లు బాబూ, ఇంటికెళ్లు," అన్నాడు.

పదకొండు రోజుల్లో పెద్ద డాక్టరు రోగితో మాట్లాడిన మొదటి మాట అదే.