నాలుగుకు దిగువన ముల్లు

మహర్నవమి నాటి ఉదయం వెంకోబారావు వేసుకున్న ప్రణాళిక మిక్కిలి సులువైనది. స్నానసంధ్యలు ముగించుకొని, ఆదోనిలో సిద్ధప్ప సావుకారి నూనె మిల్లుకు వెళ్లి, యంత్రాలకు ఆయుధపూజ జరిపి, మధ్యాహ్నానికి ఇల్లు చేరి, భార్య రమాబాయి శనగపప్పు, బెల్లంతో చేసిన హయగ్రీవమడ్డి భుజించి పడుకోవాలి. పౌరోహిత్యపు వంశంలో పుట్టి మిల్లు కొలువులో చేరినవాడు కనుక ఏడాదికి ఒకనాడు ఆయన రెండు ఉద్యోగాలూ ఒకేచోట చేసేవాడు.

మిగిలిన దినాలలో ఆయన పంపు షెడ్డులో కూర్చునేవాడు. నూనె పెద్ద తొట్టిలోకి పారుతూ ఉంటే మీటరు చూసి, ఆ అంకెను ఫోనులో ఆఫీసుకు వినిపించడం ఆయన పని. 1985లో మేనేజరు మధుసూదనరావు ఆ పనికి ఎసరు పెట్టాడు. బొంబాయి నుంచి కొత్త ఫ్లో మీటరు తెప్పించాడు. అది తన లెక్కను తానే రెండు సన్నని తీగల మీదుగా ఆఫీసు గోడనున్న ముల్లుకు చెప్పుకుంటుంది. రెండు పంపుల స్విచ్చులు సైతం ఆఫీసుకే తరలిపోయాయి.

"దీపావళి దాటినాక నీకు ఇంటికాడ విశ్రాంతే, వెంకోబన్నా" అన్నాడు మధుసూదనరావు.

"విశ్రాంతి ఇచ్చేదానికి నువ్వెవరప్పా? మంత్రాలయం రాయరు ఇస్తే తీసుకుంటా. నువ్విస్తే తీసుకోను" అన్నాడు వెంకోబారావు.

మీటరు బిగించడానికి వచ్చిన ఇంజనీరు దాని భాషను విడమరచి చెప్పి వెళ్లాడు. నూనె పారకపోతే ముల్లు నాలుగు మీద నిలుస్తుంది. నిండుగా పారితే ఇరవైకి చేరుతుంది. నాలుగుకు దిగువన పడిపోయిందంటే నూనె లేదని కాదు, తీగ తెగిందని అర్థం. మధుసూదనరావు చేతిగడియారం చూసుకుంటూ తల ఊపాడు. వెంకోబారావు మాత్రం ఆ ఒక్క సంగతికి మనసారా సంతోషించాడు. యజ్ఞంలో అధ్వర్యుడనే ఋత్విజుడు "ఆశ్రావయ" అని పిలిస్తే తోటి ఋత్విజుడు ఆగ్నీధ్రుడు "అస్తు శ్రౌషట్" అని పలికి తీరవలె. పలుకు రాకుంటే క్రతువు ఆగవలసిందే. ఏమీ లేదని చెప్పడానికైనా నోరు విప్పాలన్న మర్యాద యంత్రాలకు కూడా అబ్బినందుకు ఆయన ముచ్చటపడ్డాడు.

నవమి నాడు సావుకారి తల్లి నరసమ్మ స్వయంగా పూజకు వచ్చింది. కొత్త మీటరును చూసి ఆమె నొసలు ముడిచింది.

"మూత మూసినారేందప్పా? ముసుగేసుకున్న దేవునికి బొట్టు యాడ పెట్టాల?"

మూత విప్పారు. లోపల తీగలు బిగించిన మరలు మిలమిల మెరిశాయి. వెంకోబారావు వాటికి పసుపుదారం చుట్టాడు. నరసమ్మ కుంకుమ దిద్దింది. టెంకాయ కొట్టి, ఆ నీళ్లతో తన పదవికి మృత్యువైన ఆ మీటరుకు ఏ లోపమూ లేకుండా అభిషేకం చేశాడు. శత్రువుకైనా పూజలో తక్కువ చేయడం ఆయన వంశంలో లేదు.

ఆఫీసులో ప్రసాదం నములుతున్న మధుసూదనరావు గోడ వైపు చూసి నమలడం మానేశాడు. స్విచ్చు ఆపే ఉంది. ముల్లు పద్దెనిమిది మీద ఉంది. అతడు ఫోను అందుకున్నాడు.

"వెంకోబన్నా, నూనె పారతాంది!"

"పంపు ఆపింది నువ్వే కదప్పా. యాడ పారతాంది?"

"వాల్వు పోయినట్టుంది. మిల్లు మీది తొట్టి నుంచి దానంతటదే దిగతాంది. నిండుగా పారతాంది!"

వెంకోబారావు గొట్టానికి చెవి ఆనించి విన్నాడు. "చప్పుడే లేదు మధూ. నిద్రపోతాంది."

"నీ చెవి మాట నమ్మాల్నా, బొంబాయి ముల్లు మాట నమ్మాల్నా?"

"బొంబాయి ముల్లుకు చెవులున్నాయా?" అని ఫోను పెట్టేశాడు వెంకోబారావు.

తొట్టి పొర్లిపోతుందన్న భయంతో మధుసూదనరావు ఎమ్మిగనూరుకు ఫోను చేసి రెండు ట్యాంకరు లారీలను రప్పించాడు. పండుగ పూట విస్తరి ముందు నుంచి లేచివచ్చిన డ్రైవర్లు పెద్ద తొట్టి ఎక్కి చూసి, దిగి, మేనేజరును ఎగాదిగా చూశారు. తొట్టి నిన్న ఉన్నంతే ఉంది.

"ఏమి తోడుకోవాల సార్, గాలా?" అన్నాడు ఒక డ్రైవరు.

మధుసూదనరావు బొంబాయికి ట్రంకుకాల్ పెట్టి ఇంజనీరును పట్టుకున్నాడు. ఇంజనీరు ఒక్కటే అడిగాడు: తీగలు బిగించిన చోట తడి తగిలిందా? తగిలితే ఆ తడి మీదుగా విద్యుత్తు దొంగదారిన పోయి ముల్లును పైకి నెడుతుంది; పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మధుసూదనరావు షెడ్డుకు పరుగెత్తి, పసుపు కుంకుమలతో వెలిగిపోతున్న మీటరును చూసి గుండె బాదుకున్నాడు.

"తుడువు! ఇప్పుడే తుడువు!"

"తుడవను" అన్నాడు వెంకోబారావు, మీటరుకు అడ్డంగా నిలిచి. "ఆవాహన చేసిన దేవతను రేపు దశమి పొద్దున ఉద్వాసన చెప్పి పంపాల. అంతవరకు ఎవురూ చెయ్యి పెట్టేది లేదు."

"నీ పూజ వల్లనే ముల్లు అబద్ధం చెప్పతాంది!"

"చెప్పనీ. ఒక్క రోజు దానికి పండగ."

"తుడవకుంటే దీపావళి దాకా కాదు, ఈ పొద్దే నీ ఉద్యోగం పాయ!"

"ఉద్యోగం నీది, తీసుకో. పూజ నాది, ఇయ్యను."

నరసమ్మ గంధపు గిన్నె చేతబట్టుకొని ముందుకు వచ్చింది. "నేను పెట్టిన కుంకుమ తుడిచే మొగోడు ఎవుడో ముందుకు రమ్మను, చూస్తా."

ముందుకు ఎవరూ రాలేదు. మధుసూదనరావు వెనుక నుంచి వచ్చాడు. సాయంకాలం వెంకోబారావు సంధ్య వార్చుకోవడానికి బావి వద్దకు వెళ్లిన అదను చూసి షెడ్డులో జొరబడి, పసుపుదారం తెంపి, రుమాలుతో మరలను తోమి తోమి తుడిచాడు. ఆ తోముడుకు ఒక సన్నని తీగ మర నుంచి ఊడి పక్కకు జారింది. అతడు దానిని గమనించలేదు. మూత బిగించి, ఆఫీసుకు వెళ్లి చూస్తే ముల్లు అడుగుకంటా పడి ఉంది. "సున్నకు వచ్చింది!" అని మురిసి, ఆ రాత్రి నిశ్చింతగా నిద్రించాడు.

దశమి ఉదయం వెంకోబారావు వచ్చేసరికి మూత బిగించి ఉంది, దారం నేల మీద ఉంది. ఆయన మూతకే అక్షతలు వేసి, తెగిన దారాన్ని కళ్లకద్దుకొని ఉద్వాసన చెప్పాడు. మంచి గడియలో మధుసూదనరావు ఆఫీసులో స్విచ్చు వేశాడు. షెడ్డులో పంపు గర్జించింది. ముల్లు కదలలేదు.

"వెంకోబన్నా, నూనె రాలేదే!"

"ఊడ్చుకొని వస్తాందప్పా. నీ ముల్లు నాలుగు మీద ఉందా, నాలుగు కింద ఉందా?"

"సున్న! నాలుగేంది, మూడేంది?"

"నాలుగు కింద ఉంటే అది సున్న కాదు, తీగ తెగిందని..."

"నిన్న నీ పూజతో పరువు పోయింది చాలు!" అని మధుసూదనరావు ఫోను పెట్టేశాడు. గాలి పట్టిందేమోనని రెండో పంపు స్విచ్చు కూడా వేశాడు.

మళ్లీ ఫోను మోగింది. "తొట్టి నిండింది, ఆపు."

"ముల్లు లేస్తేనే ఆపుతా!"

మూడోసారి మోగితే మధుసూదనరావు ఎత్తనేలేదు. వెంకోబారావు ఫోను పక్కన పెట్టి, ఆఫీసు వైపు అడుగులు వేసేలోగా తొట్టి పొర్లింది. వేరుశనగ నూనె మిల్లు గేటు దాటి, వీధి వాలులో బంగారు కాలువలా సాగింది. ఎదురింటి భీమమ్మ బిందె తెచ్చింది; ఆమెను చూసి వీధి వీధంతా కదిలింది. "సావుకారి మొక్కు తీర్చుకుంటాండాడంట!" అని ఎవరో అంటే, నూనెకు వచ్చినవాళ్లు సావుకారిని దీవించసాగారు. శమీపూజకు బయలుదేరిన సిద్ధప్ప ఆ దీవెనల నడుమ జారి, లేచి, మళ్లీ జారి, గోడ పట్టుకొని ఆఫీసు చేరి, తానే స్విచ్చులు ఆపాడు.

"ముల్లు ఏమంటాంది మధూ?"

"సున్న అంటాంది సావుకారీ."

"మరి నా పంచెకు అంటిందేంది?"

మధుసూదనరావుకు చెమట పట్టింది. జేబులోని రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. నుదుట కుంకుమ, చెంపల మీద పసుపు పూసుకుని, దశమి నాటి అమ్మవారివలె నిలిచాడు. వెంట వచ్చిన నరసమ్మ ఆ ముఖాన్ని తేరిపార చూసి, "నా కుంకుమ ఈడుందే!" అంది.

వెంకోబారావు ద్వారం వద్ద నిలిచి తల వంచకుండా పలికాడు. "సావుకారీ, నిన్నటి పద్దెనిమిది నా టెంకాయ నీళ్లది. పూజ చేసినా, మళ్లీ ఏడాదీ చేస్తా. మూత మూసి చేస్తా, అంతే. ఈ పొద్దుటి సున్న నాది కాదు. ఉద్యోగం తీస్తే తీయండి."

సిద్ధప్ప వీధిలో పోతున్న నూనెను, కుంకుమబొట్టు మేనేజరును మార్చి మార్చి చూశాడు. ముల్లు ఏ భాషలో మాట్లాడుతుందో తెలిసినవాడే ముల్లు ముందు కూర్చోవాలని తీర్పు చెప్పాడు. ఆ పూటే వెంకోబారావు ఆఫీసు కుర్చీకి, మధుసూదనరావు పంపు షెడ్డుకు మారారు.

ఊడిన తీగ బిగించిన మరునాడు షెడ్డు నుంచి ఫోను మోగింది. "పద్నాలుగు, వెంకోబన్నా" అన్నాడు మధుసూదనరావు దీనంగా. వెంకోబారావు గోడ వైపు చూశాడు. ముల్లు కూడా పద్నాలుగే చూపిస్తోంది.

"ఇద్దరూ ఒకటే మాట చెప్పతాండారంటే కూడబలుక్కున్నట్టే" అని ఆయన కూలీ ఉరుకుందప్పను కేకేశాడు. "నువ్వు పోయి తొట్టి చూసిరా."