ఉప్పలవంచకు పెట్టిన గట్టి ట్రైపాడ్

ఉప్పలవంచలో రోజూ పొద్దున్నే మునిసిపాలిటీ వారు ఊరికి ఫొటో తీస్తారు. అందులో పడని వీధి మర్నాటి ఫొటో దాకా ఉండదు. ఇందులో వింతేమీ లేదు, కరెంటు కోతలాగే ఇదీనూ. మాయమైన వీధి మర్నాడు ఫొటోలో పడితే అక్కడి జనం ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి, పాలెందుకు విరిగాయని పాలవాడితో తగువు పెట్టుకునేవారు.

ఆ ఫొటో తీసే ఉద్యోగం కోటిలింగానిది. వాటర్ ట్యాంకు ఎక్కి, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, ఊరంతా ఇమిడేలా సర్ది బటన్ నొక్కుతాడు. అతని ఇల్లున్న గానుగ వీధి మాత్రం ఫొటోకి ఎడమ అంచున, పెళ్లి ఫొటోలో దూరపు చుట్టంలా ఇరుక్కుని ఉంటుంది.

పాత ట్రైపాడ్ మీద కెమెరాను పట్టి ఉంచే తలకాయ బాల్ హెడ్, బంతిలా ఎటైనా తిరిగే రకం. ఒక్క మర బిగిస్తే చాలు, పని చిటికెలో అయిపోతుంది. తీరా బిగించాక పెద్ద లెన్సు బరువుకి వెంట్రుకవాసి జారుతుంది, అదీ దాని దరిద్రం. అలా జారిన ఓ ఆదివారం గానుగ వీధి పోయింది. దాంతోపాటు కోటిలింగం భార్య సుభాషిణి, పొయ్యి మీద పులుసు సహా పోయింది. మర్నాడు తిరిగొచ్చి, "అదేంటండీ, ఇప్పుడేగా వెళ్లారు, అప్పుడే గడ్డం మాసిందేం?" అంది. కోటిలింగం ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. భయమేసింది మరి, పెళ్లామంటే ప్రాణం అతనికి.

కొత్త హెడ్ కోసం కమిటీ వేశారు. కెమెరా ఏనాడూ ముట్టుకోని చైర్మన్ వరహాలరావు దానికి అధ్యక్షుడు. కమిటీ అన్నాక ఏదో పరీక్షించాలి గనక, ఓ భారీ కౌన్సిలర్ ఒక్కో హెడ్‌నీ పట్టుకుని వేలాడి చూశాడు. కాడలున్న హెడ్ ఆయనతోపాటే కింద పడింది. పళ్ల చక్రాలున్న గేర్ హెడ్ మాత్రం చెక్కు చెదరలేదు.

"మర తిప్పేకొద్దీ ఇసుమంత ఇసుమంత కదులుద్దండి," అన్నాడు కోటిలింగం. "మనకి కావాల్సిందిదేనండి. ఒకసారి పెట్టాక ఇంక కదలకూడదు."

కదలకూడదన్న మాట వరహాలరావుకి తెగ నచ్చింది. ఎందుకంటే ప్రతి కౌన్సిలరూ దొంగచాటుగా ట్యాంకెక్కి కెమెరాను తన వార్డు వైపు జరిపేవాడే.

కొత్త హెడ్‌కి పసుపు రాసి, దండ వేసి, ముహూర్తానికి పూజ చేశారు. కోటిలింగం కర్పూరం కోసం కిందికి దిగాడు. ఈలోగా కెమెరా ముఖం మరికాస్త ఈశాన్యానికి తిరగాలని సిద్ధాంతి గారు సెలవిచ్చారు. తిప్పారు. ముహూర్తం దాటిపోతుందని అక్కడికక్కడే మరలన్నిటికీ వెల్డింగ్ కొట్టించారు. కొబ్బరికాయ కొట్టి చైర్మన్ స్వహస్తాలతో బటన్ నొక్కారు. పైకొచ్చిన కోటిలింగం ఫొటో చూసి లబోదిబోమన్నాడు.

"సార్, గానుగ వీధి పడలేదండి! మా ఆవిడుందండి అందులో. కాస్త ఎడమకి తిప్పుదామండి."

"ఎలా తిప్పుతావయ్యా, వెల్డింగ్ అయితేను? కదలకూడదన్నది నువ్వేగా?"

"సరిగ్గా పెట్టాక అన్నానండి."

"ఇంతకీ గానుగ వీధి నుంచి ఫిర్యాదేమైనా వచ్చిందా?"

కోటిలింగం ఆలోచించాడు. "లేదండి."

"మరింకేం!"

వెల్డింగ్ కోయాలంటే కౌన్సిల్ తీర్మానం కావాలట. తీర్మానం ఆ వీధి కౌన్సిలరే పెట్టాలట. ఆ కౌన్సిలర్ కాపురం గానుగ వీధిలోనే.

మర్నాడు కోటిలింగం వెల్డింగ్ బద్దలు కొడదామని సుత్తి పట్టుకుని ట్యాంకెక్కాడు. కెమెరా పగిలితే ఊరంతా పోతుంది, సుత్తితో సహా తనూ పోతాడు. గానుగ వీధి ఉండాల్సిన చోటుకేసి చూస్తూ భోరున ఏడ్చాడు. తర్వాత ముక్కు తుడుచుకుని బటన్ నొక్కాడు. ఫొటో అద్భుతంగా వచ్చింది, కిటికీ చువ్వలు సైతం దేనికది విడివిడిగా.

కిందికి దిగి టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. కొట్టతను గ్లాసు అందిస్తూ, "మీ వీధి పడలేదంట గదా, అయ్యో పాపం," అన్నాడు. ఆ వెంటనే, "మా వీధి పడిందాండీ?" అని అడిగాడు.

"పడింది."

"ఇయ్యాళా రేపూ కూడానా?"

"ఎప్పటికీ పడతానే ఉంటది."

"అయితే మంచి హెడ్డే కొన్నారండీ."

"మంచిదే," అన్నాడు కోటిలింగం. ఇంటికెళ్లే పని లేదు గనక ఇంకో టీ చెప్పాడు.