ఏటిగట్టు బాటకు తాళం

ఆమె వాకిట్లో కూర్చుని చిరిగిన గోనెసంచులకు దబ్బనంతో కుట్లు వేస్తోంది. పొలంలో పీకి ఆరబెట్టిన ఉల్లి అంతా ఒకటి రెండు రోజుల్లో ఆ సంచుల్లోకి ఎక్కాలి. అప్పుడు ఆమె భర్త నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, సైకిల్ మాత్రం లేకుండా, నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. ఏటిగట్టు మీది బండ్లబాట నేటి నుంచి వాహనరహిత కంకర సైకిల్ బాట అయిందనీ, దాని సంఘానికి తానే ఉపాధ్యక్షుడిననీ తెలియజేశాడు.

ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. ఊళ్లో ఏ సంఘం పుట్టినా ఆయన ఉపాధ్యక్షుడే. పాల సంఘానికి ఆయనే, గ్రంథాలయ సంఘానికి ఆయనే, ఆ గ్రంథాలయం మూతపడ్డాక దాన్ని తెరిపించే సంఘానికీ ఆయనే. పక్క కుర్చీలో కూర్చుని అధ్యక్షుడి మాటకు తల ఊపడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. కన్నతల్లితో సహా అందరూ ఆయన్ని ఉపాధ్యక్షుడనే పిలుస్తారు. అయితే ఈసారి ఒక విశేషం ఉంది. ఇంత సేవలో మొదటిసారి ఆయన చేతికి ఒక తాళంచెవి ఇచ్చారు. బాట మొదట్లో అడ్డంగా పెట్టిన ఇనుప గేటుది. దాన్ని ఆయన నడుముకి కట్టుకున్నాడు. స్నానానికి కూడా విప్పలేదు.

బాట చరిత్ర కొంత చెప్పుకోవాలి. ఏటి పక్క పొలాలకి అదొక్కటే దగ్గర దారి. వానాకాలంలో బండి దిగబడితే ఎడ్లని విప్పుకుని ఇంటికొచ్చి, బురద ఎండాక వెళ్లి బండి తెచ్చుకునేవారు. తారు వెయ్యండి మహాప్రభో అని తాతల కాలం నుంచి మొరపెట్టుకుంటున్నారు. తారు కాకపోతే కంకరైనా పొయ్యండి అన్నారు. ఈలోగా పట్నంలోని పెద్దమనుషులకి నున్నటి రోడ్ల మీద విరక్తి పుట్టింది. ఒళ్లు కుదిపే దారి కావాలి, రెండు పక్కలా పచ్చటి చేలుండాలి, ఎదురుగా ఒక్క బండీ రాకూడదు అని వారు ఒకే ఒక్కసారి అడిగారు. నెల తిరక్కుండా కంకర వచ్చి పడింది. ప్రభుత్వం మొర ఆలకించదని ఆడిపోసుకునేవాళ్లు ఇది గమనించాలి. ఆలకిస్తూనే ఉంది. ఎవరి మొర అన్నదే తేడా.

గేటు పక్కన బోర్డు మీద వాహనమంటే ఏమిటో సవివరంగా రాశారు. ట్రాక్టరు వాహనం. ఎడ్లబండి వాహనం. గేదె, దూడ వెంట ఉన్నా లేకున్నా, వాహనం. నెత్తిన మూట ఉన్న మనిషి కూడా వాహనమే. మూట దించిన మరుక్షణం తిరిగి మనిషి అవుతాడు. ఈ సౌలభ్యాన్ని అధ్యక్షులవారు తమ ప్రారంభోపన్యాసంలో ప్రత్యేకంగా ప్రస్తావించారు.

“సోదర సోదరీమణులారా! రైతు దేశానికి వెన్నెముక. వెన్నెముక అన్నది వెనకాలే ఉండాలి. ముందుకొచ్చి దారికి అడ్డం పడకూడదు!”

ఉపాధ్యక్షుడు తల ఊపాడు. వెన్నెముకలన్నీ చప్పట్లు కొట్టాయి.

ఆ రోజే సంస్కరణలు జోరందుకున్నాయి. పెంటకుప్పల్ని బాట మీంచి కనబడనంత దూరానికి జరిపించారు. ఈ చేలోంచి ఆ చేలోకి కేకలు వెయ్యకూడదన్నారు. కప్పలకు మాత్రం మినహాయింపు. సైకిళ్లు వస్తున్నప్పుడు రైతులు పని ఆపి చెయ్యి ఊపాలి, కానీ పని ఆపినట్టు కనబడకూడదు. మలుపు దగ్గర దిష్టిబొమ్మకి చొక్కా చిరిగిందని ఒక అతిథి బాధపడితే, సంఘం వెంటనే దానికి కొత్త చొక్కా తొడిగింది. ఆ పొలం కౌలుదారు తన చొక్కా వంక ఒకసారి చూసుకుని, ఆ పూటంతా బొమ్మ పక్కనే చేతులు బార్లా చాపుకుని నిలబడ్డాడు. ఎవరూ గమనించలేదు.

ఇక ఉల్లి సంగతి. అది ఆమె పంట. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఏం వెయ్యాలో ఉపాధ్యక్షుడు చెప్పేవాడు, చివరికి ఏమీ మిగల్లేదని ఆమె చెప్పేది. ఈ ఏడు మొక్కజొన్న వద్దు, ఉల్లి వేద్దామని ఆమె పట్టుబట్టింది. అత్తగారు కోడలి పక్షం మాట్లాడింది. “ఒక్కసారి దాని మాట విని చూద్దాంరా. ఇన్నాళ్లూ నీ మాట విన్నాంగా, ఏం ఒరిగింది?”

గడ్డలు గుప్పిట్లో పట్టనంత ఊరాయి. పంట ఇల్లు చేరితే వచ్చే ఏడు కూడా ఆమె మాటే చెల్లుతుంది. చేరకపోతే ఇక ఆ ఇంట్లో ఆమె ఎప్పుడు నోరు తెరిచినా అందరికీ ఉల్లి గుర్తుకొస్తుంది.

ప్రారంభోత్సవం అయిన మర్నాడు పొద్దున్నే ఏటి అవతల మబ్బు పట్టింది.

“ఏమండీ, మీ తమ్ముడు ట్రాక్టరు తెస్తానన్నాడు. ఆ గేటు కాస్త తీసిపెట్టండి. వాన దిగేలోపు ఎత్తేసుకుందాం.”

“ట్రాక్టరు వాహనం,” అన్నాడాయన.

“వాహనమే మరి. ఒళ్లో పెట్టుకుని తెచ్చుకోలేం కదా.”

“నా అంతట నేనే తాళం తీస్తే రేపు నలుగురూ ఏమనుకుంటారు?”

“ఆ నలుగురి పొలాలూ అటే ఉన్నాయి. హమ్మయ్య అనుకుంటారు.”

“నీకు పరిపాలన తెలీదు.”

అత్తగారు మంచం మీంచి లేవకుండానే అందుకుంది. “ఒరే ఉపాధ్యక్షుడా, మరి నిన్న ఫలహారాల వ్యాను లోపలికి పోయిందేం? దానికి చక్రాల్లేవా? ఎగిరి పోయిందా?”

“అది సేవా వాహనం అమ్మా. అతిథుల కోసం.”

“మన ఉల్లి?”

“అది సొంత అవసరం.”

సొంత అవసరం అన్న మాటని ఆయన, నలుగురిలో చెప్పుకోకూడని జబ్బు పేరు చెప్పినట్టు, గొంతు తగ్గించి పలికాడు. తాళంచెవి ఒకసారి తడిమి చూసుకుని, రైతులకి చెయ్యి ఊపడం నేర్పే శిక్షణా శిబిరానికి వెళ్లిపోయాడు.

చేసేది లేక మరిది ట్రాక్టరు తీసుకుని చుట్టుదారిన, తారురోడ్డు మీంచి, ఎగువ వంతెన దాటి పొలానికి రావడానికి బయల్దేరాడు. ఆమె ఖాళీ సంచులు చంకన పెట్టుకుని బాట వెంట నడిచి వెళ్లింది. ఖాళీ సంచులు మూట కిందికి రావు కాబట్టి ఎవరూ ఆపలేదు. ఒంటిచేత్తో గడ్డలన్నీ సంచులకెత్తి, మూతులు కుట్టి, పొలం గట్టున వరసగా నిలబెట్టి, ట్రాక్టరు చప్పుడు కోసం చెవులు రిక్కించింది.

ట్రాక్టరు వంతెన దగ్గరే ఆగిపోయింది. వాహనరహిత బాటలోని ఆనందం అనుభవించడానికి పట్నం నుంచి వచ్చిన కార్లు, ఒక్కొక్కటీ నెత్తిన రెండేసి సైకిళ్లు కట్టుకుని, వంతెన ఈ కొస నుంచి ఆ కొస దాకా కదలకుండా నిలబడి ఉన్నాయి. ప్రశాంతత ఆలస్యమవుతోందని లోపలున్నవాళ్లు హారన్లు కొడుతున్నారు. దారి ఇప్పించండి బాబూ, చేలో పంట ఉంది అని మరిది పోలీసుని బతిమాలాడు. పోలీసు అతని గోడు సాంతం విని, ట్రాక్టరుని పక్కకి తియ్యమన్నాడు. ట్రాఫిక్‌కి అడ్డంగా ఉందట.

మధ్యాహ్నానికి వాన దిగింది. ఆమె ఒక సంచి నెత్తికెత్తుకుని ఏటిగట్టు ఎక్కింది. గేటు దగ్గర కాపలావాడు చేతులు అడ్డం పెట్టాడు. పరాయివాడేం కాదు, ఊరి కుర్రాడే.

“అక్కా, నన్ను తిట్టుకోకు. సంచి దించితే పంపించేస్తా. పైనుంచి సంఘం పెద్దలు చూస్తున్నారు. ఈ రూలు చదివి వినిపించింది బావగారే.”

“సంచి దించితే నేనెందుకురా రావడం?”

అతను బోర్డు వంక చూశాడు. దానికి జవాబు అందులో లేదు. ఆమె సంచిని వెనక్కి మోసుకెళ్లి మిగతావాటి మీద దుప్పటిలా తన ఒంటి మీది పాత తువ్వాలు కప్పింది. ఎన్నిటికని సరిపోతుంది?

సైకిళ్లవాళ్లు మాత్రం వానకి పరవశించిపోయారు. వీపు నిండా చిమ్మిన బురద వాళ్ల లోకంలో పతకం కింద లెక్క. ముసురు పట్టుకుని వారమంతా వదల్లేదు. ఒకాయన సైకిల్ ఆపి, కళ్లు మూసుకుని, ముక్కుపుటాలు ఎగరేసి, “ఆహా, మట్టి వాసన!” అన్నాడు. అది ఉల్లి కుళ్లే వాసన. అంత దూరం నుంచి వచ్చినవాడి ఆనందం చెడగొట్టడం మర్యాద కాదని ఆమె తల తిప్పుకుని సంచులు సర్దుకుంది.

ఎండ కాసిన రోజున అధ్యక్షులవారు, ఇంకొందరు అతిథులు, ఉపాధ్యక్షుడి ఇంటికి వేంచేశారు. నిజమైన రైతు ఇల్లు ఎలా ఉంటుందో చూడాలని అతిథులు ముచ్చటపడ్డారట. కుర్చీలు చాలకపోతే అత్తగారి మంచం మీద కూడా కూర్చున్నారు. ఆవిడ కోసం కాళ్ల దగ్గర కొంత చోటు వదిలారు. ఆమె అందరికీ టీ తెచ్చింది.

“ఈ ఊరి జీవితంలో హడావిడి లేదు, తొందర లేదు,” అన్నారు అధ్యక్షులవారు. “మీరంతా ఎంత అదృష్టవంతులో మీకు తెలియదు. మేం వచ్చి చెప్పాల్సివచ్చింది.”

ఒక అతిథి వాకిట్లో ఈగలు ముసిరిన కుప్ప చూసి, అదేమిటండీ అని అడిగాడు. వాన తగ్గాక మరిది ఆ చుట్టుదారినే వెళ్లి తెచ్చి పోసిన సంచులవి.

“అదా, ఉల్లి,” అన్నాడు ఉపాధ్యక్షుడు. “మా ఆవిడ సరదా. నేను ముందునుంచీ మొక్కజొన్న అనే అన్నాను. ఇంట్లో వాళ్ల మాట వింటే ఇలాగే ఉంటుంది.”

అందరూ నవ్వారు. చదువుకున్నవాళ్లు, పైగా సున్నిత మనస్కులు, కాబట్టి మెల్లగానే నవ్వారు. మీరూ అక్కడుంటే నవ్వేవారే. ఎదుటివాళ్ల ఇంట్లో టీ తాగుతూ నవ్వకుండా కూర్చోవడం బావుండదు.

ఆమె పళ్లెం బల్ల మీద పెట్టింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. చెప్పులు వేసుకుని, భర్త కుర్చీ పక్కనుంచే గడప దాటి వెళ్లిపోయింది.

“అయ్యో, వెళ్లిపోయారా?” అన్నారు అధ్యక్షులవారు. “టీలోకి ఇంకాస్త పంచదార అడుగుదామనుకున్నానే.”

ఉపాధ్యక్షుడు చటుక్కున లేచి వంటగదిలోకి వెళ్లాడు. చాలాసేపు డబ్బాల మూతలు తీసి పెడుతున్న చప్పుడు వినిపించింది. పంచదార ఎందులో ఉంటుందో ఆయనకు తెలియదు.

అత్తగారికి తెలుసు. ఆవిడ చెప్పలేదు.